కొసరు

నాలుగో రోజు కూడా భీమశంకరం కంచం ముందు కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందన్న మాట పెళ్ళాంతో అనకుండా కూతురితో చెప్పించాడు.

"సాయీ, ఉప్పు అందుకోమను మీ అమ్మను."

సుశీల రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది. ఉప్పు డబ్బా ఆమె మోచేతి పక్కనే ఉంది. అయినా సాయిశ్రీ నోరు తెరిచి "అమ్మా, నాన్నకు ఉప్పంట" అనేదాకా ఆగింది. దోర్నపాల్ బజారులో ఉప్పు కావాలంటే ఎవరైనా శంకరం కొట్టుకే దారి చూపిస్తారు. అలాంటి ఇంట్లో చిటికెడు ఉప్పు కంచంలో పడాలంటే రాయబారం నడపాల్సి వచ్చింది. చూసేవాళ్ళకు నవ్వు రావచ్చు. పడేవాళ్ళకు తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. బాగానే అంటే, ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఎంత బాగుంటుందో అంత. ఆ మధ్యాహ్నం ముగ్గురూ టీవీ ముందు కూర్చుని, సుశీల తమ్ముడు ప్రవీణ్ హైదరాబాద్‌లో ఉండి రాసిన మొదటి సినిమా చూశారు. అయిపోయాక శంకరం లేచి, కండువా దులుపుకుని కొట్లోకి పోయాడు. అప్పట్నుంచి ఆలితో మాట లేదు.

"కామెడీనే అక్కా, కానీ లోపల కత్తి ఉంటది" అని ప్రవీణ్ ఏడాది పొడుగునా ఊరించాడు. తీరా చూస్తే కత్తి లేదు, ఒర ఒక్కటే ఉంది. అందులో శాంతి సేఠ్ అని ఒక వ్యాపారి. అడవిలో యుద్ధం నడిచినన్నాళ్ళూ వాడి కొట్టు కళకళలాడుతుంది. పొద్దున ఒక పక్షానికి అమ్ముతాడు, పొద్దుగూకేలోపు రెండో పక్షానికి అమ్ముతాడు. బాంబు పేలితే దేవుడికి కొబ్బరికాయ కొడతాడు, శాంతి చర్చలన్న మాట వింటే జ్వరం తెచ్చుకుంటాడు. చెప్పుకోడానికి బాగానే ఉంది. తెర మీద మాత్రం ఆ సేఠ్ గుడ్ల ట్రేల మీద మూడుసార్లు జారిపడటం తప్ప వెలగబెట్టిందేం లేదు. మొదటిసారికే నవ్వు రాలేదు. మూడోసారికి సాయిశ్రీ ఫోను చేతిలోకి తీసుకుంది. అడవి చూద్దామా అంటే అన్నీ నీలగిరి చెట్లే. బస్తర్‌లో పుట్టిన పిల్ల కదా, ఆవలించి, ఈ అడవి ఏ నర్సరీది నాన్నా అని అడిగింది. ఆ మాటకు శంకరం నవ్వాడు కూడా.

ఆ తర్వాత వచ్చింది ఆ సీను. రెండు నిమిషాలు కూడా ఉండదు. మఫ్టీలో ఉన్న ఒకడు కొట్టు ముందుకొచ్చి, ఒక అడవి ఊరి ఆడమనిషిని చూపించి, ఈమె తెలుసా అని అడుగుతాడు. సేఠ్ పెళ్ళాం దోసిట్లో బియ్యం పట్టుకుని ఉంటుంది. ఆ ఆడమనిషి సంచిలో పొయ్యబోయేదల్లా గబుక్కున చేతులు వెనక్కి తీసుకుని, "తెల్వదు సార్" అంటుంది. వెనకాల పీపీమని బూర మోగుతుంది. అంటే అక్కడ నవ్వాలన్నమాట.

శంకరం నవ్వు అక్కడే ఆగిపోయింది.

మర్నాటికి బజారు అందుకుంది. ఊరికి ఒక పేరు దొరికితే వదుల్తుందా? పాన్ ఠేలా దగ్గరివాళ్ళు శంకరాన్ని చూసి, "క్యా శాంతి సేఠ్, అండే సలామత్ హై నా" అని గుడ్ల క్షేమం అడిగారు. ఎదురు కొట్టు ముత్తయ్య ఊరుకోక, బావమరిది సినిమాలో నీకు వాటా ఎంతని అడిగాడట. శంకరం ఎవరికీ జవాబు చెప్పలేదని సాయిశ్రీ వచ్చి చెప్పింది. పరువు పోయిందన్న కోపమే ఇదంతా అనుకుంది సుశీల. ఆ కోపం న్యాయమే అనుకుంది కూడా.

ఎందుకంటే ఆ సేఠ్‌లో అబద్ధం పాలు తక్కువే. శంకరం పోలీసు క్యాంపులకు గుడ్లూ ఉల్లిగడ్డలూ పోసేవాడు. చింతలనార్ రోడ్డు మీద క్యాంపు పెరిగినప్పుడల్లా ఇంటి మీద ఒక గది లేచింది. జనం సాయంత్రమైతే తలుపులు బిగించుకుని బిక్కుబిక్కుమంటున్న ఏడాదే వీళ్ళ వంటింట్లో పాలరాయి పడింది. సుశీల ఆ గదులన్నిట్లో పడుకుంది, ఆ పాలరాయి మీద దోసెలు పోసింది. ఇప్పుడు క్యాంపులు ఇంకా లోపలికి జరిగిపోయాయి, రోడ్డుకు తారు పడింది, గుడ్లు జగ్‌దల్‌పూర్ నుంచి నేరుగా వ్యానులో పోతున్నాయి. సినిమాలో శాంతి రాగానే సేఠ్ మూర్ఛపోతాడు. ఇక్కడ ఎవరూ మూర్ఛపోలేదు. వెనక గోదాములో ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, అంతే. ఆ సంగతి మాత్రం ప్రవీణ్‌కు తట్టలేదు.

శంకరం పప్పులో ఉప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత తలెత్తకుండానే ఇంకో రాయబారం పంపాడు.

"సాయీ, లక్కే వాళ్ళ ఊళ్ళో టవరు పడిందా అని అడుగు మీ అమ్మను."

సుశీల చేతిలో గరిటె ఆగింది. ఈయనకు ఇప్పుడు లక్కే ఊరి టవరుతో ఏం పని?

"పడిందని చెప్పు," అంది కూతురి వైపు చూస్తూనే. "దీపావళికే పడింది. వాళ్ళ పిల్ల హుంగే ఫోను కూడా కొనుక్కుంది."

శంకరం కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. సగం అన్నం అలాగే ఉంది.

లక్కే ఎవరంటే, ఈ దోర్నపాల్‌లో సుశీలను అక్కా అని పిలిచే ఒకే ఒక్క మనిషి. మిగతా అందరికీ సుశీల శావుకారమ్మో, సేఠానీయో. లక్కేది చింతలనార్ దారిలో వాగు దాటాక వచ్చే దొర్ల గిరిజనుల ఊరు. సంత సంతకూ చింతపండో, ఇప్పపువ్వో గంపలో పెట్టుకుని వస్తుంది, ఉప్పు తీసుకుని పోతుంది. శంకరం చేతి నుంచి మాత్రం ఏదీ తీసుకోదు. ఆయన గల్లా దగ్గరుంటే అరుగు మీద కూర్చుని, సుశీల వంటింట్లోంచి వచ్చేదాకా ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. అది తన మీద ప్రేమ అనుకుని సుశీల మురిసిపోయేది. చెరువు లేని ఊరికి చెలిమె దొరికినట్టు, సరిహద్దు అవతలి చెర్ల నుంచి పెళ్ళై వచ్చిన సుశీలకు ఈ పరాయి బజారులో లక్కే దొరికింది.

ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉంది. సుశీల అత్తగారు పెట్టింది. తూకం కొట్టుది, కొసరు చేతిది అనేదావిడ. ఉప్పైనా బియ్యమైనా తూకం అయ్యాక ఇంటి ఆడమనిషి దోసిలి ముంచి పైన కొంత పొయ్యాలి, దాన్ని తూచకూడదు. దోసిట్లోకి తీసిన కొసరు మళ్ళీ బస్తాలో పొయ్యకూడదు. పోస్తే ఆ మనిషితో పొత్తు తెగినట్టే.

పదహారేళ్ళ కిందట అడవి ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరు ఎంత బియ్యం కొనాలో కట్టడి పెట్టిన రోజులొచ్చాయి. ఎక్కువ కొంటే, అడవి లోపలి అన్నలకు మోస్తున్నారనేవాళ్ళు. ఇంట్లో ఏడుగురున్నా సరే, సంచి ఒకటే. అప్పుడు సుశీల కొసరు పెంచింది. ఒక దోసిలి నాలుగు దోసిళ్ళయింది. తూచింది కాదు కాబట్టి తప్పు కాదని అమాయకంగా అనుకుంది. దారిలో ఆపి సంచి తూచేవాళ్ళకు తూకమేదో కొసరేదో ఏం తెలుస్తుంది? లక్కేను పట్టుకున్నారు. జీపులో కూర్చోబెట్టి కొట్టు ముందుకు తెచ్చారు. మఫ్టీ ఆయన లోపలికొచ్చి, ఈ పై బియ్యం ఎవరిచ్చారు, ఆమె నీకు తెలుసా అని అడిగాడు. సుశీల జీపు వైపు చూసింది. లక్కే తల దించుకుని ఉంది. నాలుగేళ్ళ హుంగే వాళ్ళ అమ్మమ్మ దగ్గరుందన్న సంగతి సుశీలకు తెలుసు. అన్నీ తెలిసే ఆ మాట అంది.

"తెల్వదు సార్. సంతకు వెయ్యి మంది వస్తరు."

ఉప్పు తూచేంత సేపు కూడా పట్టలేదు. పద్నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చింది లక్కే. గోదాములో బస్తాల వెనకున్న శంకరం ఆ మాట విన్నాడు. ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. విడిచిపెట్టాక లక్కే మళ్ళీ సంతకు వచ్చి అరుగు మీద కూర్చుని అక్కా అని పిలిచినప్పుడు, సుశీల లోపలికి పోయి గోడకు తల ఆనించుకుని ఏడ్చింది. లక్కేకు ఆ మాట వినపడలేదు. సుశీల చెప్పలేదు. చెప్పకుండా, ఇన్నేళ్ళూ రెండు చేతులా కొసరు పోస్తూ వచ్చింది.

రెండేళ్ళ కిందట రాఖీకి ప్రవీణ్ వచ్చి నాలుగు రోజులున్నాడు. వంటింటి గడప మీద కూర్చుని, అక్కా నీ సంగతులు చెప్పవే అన్నాడు. నీ సంగతులు అని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో! మొగుడు మితభాషి, కూతురు హాస్టల్లో, బజారుకు బేరం తప్ప వేరే మాట రాదు. వినేవాడొకడు దొరికాడని సుశీల కడుపులోదంతా కుమ్మరించింది. ఫోనులో రికార్డు అవుతోందని కూడా చూసుకోలేదు.

ఉప్పు రాయబారం నడిచిన రోజు సాయంత్రం సుశీల మేడ మీదికి పోయి తమ్ముడికి ఫోను చేసింది. అక్క గొంతు వినగానే వాడు మొదలుపెట్టాడు. ఎవరూ చూడట్లేదట. చూసినవాళ్ళు సగంలో ఆపేస్తున్నారట. నిర్మాత అన్ని చోట్లా వేలుపెట్టి చెడగొట్టాడట. తాను రాసిందొకటైతే తీసింది ఇంకొకటట.

"ఆ బూర ఎవరు పెట్టిన్రురా?" అంది సుశీల.

 అక్కడ నవ్వు రావట్లేదని ఎడిటింగ్‌లో పెట్టారని చెప్పాడు.

"నేను చెప్పినదాంట్ల నవ్వడానికి ఏముందిరా?"

"ఏం లేదక్కా. సారీ." చిన్నపిల్లాడిలా అడిగాడు. "నీకైనా నచ్చిందా?"

సుశీలకు కోపం రావాలి. రాలేదు. అంత పెద్ద పట్నంలో వాడిని మెచ్చుకునే మనిషి ఒక్కరూ లేరు కాబోలు, తనలాగే. అన్నం తిన్నవా అని అడిగి, వాడు ఇంకా తినలేదంటే ముందు తినమని చెప్పి, ఫోను పెట్టేసింది.

మర్నాడు సంత. పొద్దున్నే శంకరం త్రాసు తుడుస్తుంటే సుశీల వెళ్ళి ఆయన వీపుతోనే చెప్పుకుంది, ప్రవీణ్‌కు ఆ సంగతి చెప్పింది తానేనని. బజారులో లేనిపోని పేరు తెచ్చిపెట్టానని, తప్పయిందని. శంకరం త్రాసు పళ్ళెం తిప్పి అటువైపు కూడా తుడిచాడు. అప్పటికే తుడిచిన వైపది.

పన్నెండు గంటల బస్సుకు సాయిశ్రీ జగ్‌దల్‌పూర్ కాలేజీకి బయల్దేరింది. ఈ నాలుగు రోజులూ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించిన పిల్ల, బ్యాగు భుజాన వేసుకుని తల్లిని దిగులుగా చూసింది.

"నేను పోతే మీరిద్దరు ఎట్ల మాట్లాడుకుంటరమ్మా?"

నీకు ఫోన్ చేసి చెప్తాం లే, నువ్వు మళ్ళీ ఫోన్ చేసి చెప్దువు అని సుశీల నవ్వించబోయింది. పిల్ల నవ్వలేదు. బస్సు కదిలాక ఇల్లంత కొట్టు, కొట్టంత ఇల్లు ఒక్కసారిగా పెద్దవైపోయాయి. ఆ మొగుడూ పెళ్ళాలు రెండు కొసల్లో కూర్చున్నారు.

సంత నిండింది. ఎవరెవరో వచ్చారు, ఉప్పూ కారమూ తీసుకున్నారు. హడ్మా వచ్చాడు, జోగే వచ్చింది. లక్కే ఊరివాళ్ళే వాళ్ళిద్దరూ. లక్కే రాలేదా అని అడగడానికి సుశీలకు నోరు రాలేదు. రాకుంటే బాగుండునని ఒకసారి, రాకపోతే ఎట్లా అని ఒకసారి అనిపించింది.

మూడు దాటాక వచ్చింది లక్కే. గంప దించి అరుగు మీద కూర్చుంది. చింతపండు తూచుకోమంది, ఉప్పు పొయ్యమంది. ఎప్పటి మాటలే. అక్కా అని ఎప్పట్లాగే అంది. సుశీల గుండె కుదుటపడింది. చూడలేదు కాబోలు, చూసినా తెలియలేదు కాబోలు అనుకుంటూ ఉప్పు తూచి సంచిలో పోసి, బస్తాలోకి రెండు చేతులూ ముంచి నిండు దోసిలి ఎత్తింది.

"హుంగే సినిమా చూపించింది అక్కా," అంది లక్కే.

సుశీల దోసిలి గాల్లోనే ఉండిపోయింది.

"ఊళ్ళ అందరం చూసినం. సగం సమజ్ గాలె. ఆ లావాయన పడ్డప్పుడల్లా పిల్లలు మస్తు నవ్విండ్రు." లక్కే చెప్పే తీరు మామూలుగానే ఉంది, వానల సంగతి చెప్పినట్టు. "ఒక్కకాడ ఎవ్వరికీ సమజ్ గాలె. నాకు ఒక్కదానికే అయింది. అక్కా, ఆ మాట అన్నది నువ్వా?"

కొట్టు అవతలి కొసలో శంకరం లేచి నిలబడ్డాడు. సుశీల ఆయన్ని చూసింది. సినిమా అంటేనే కల్పన, అందులో నిజమేముందే పిచ్చిదానా అంటే సరిపోతుంది. లక్కే నమ్ముతుంది కూడా. నమ్మాలని వచ్చినట్టే ఉంది ఆ ముఖం. ఆ ఒక్క మాట అంటే ఇన్నేళ్ళ స్నేహం చేతిలో మిగులుతుంది. ఇంకోసారి తెల్వదనడమే కదా. ఒకసారి అన్న నోటికి రెండోసారి కష్టమా?

"నేనేనే లక్కే," అంది. "నేనే అన్న."

లక్కే తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"శావుకారి నాకు వేరే చెప్పిండు," అంది చివరికి. "జైలుకు వచ్చిండు. మూడుసార్లు వచ్చిండు. చీర తెచ్చిండు, అటుకులు తెచ్చిండు. మా ఇంటామె ఆ రోజు ఊళ్ళ లేదు, నేనే భయపడి తెల్వదన్న అని చెప్పిండు. ఆయన తెచ్చిన చీర అక్కడ ఊడ్చే ఆమెకు ఇచ్చేసిన. ఇన్నేండ్లు ఆయన చేతి నీళ్ళు తాగలె."

సుశీల తల తిప్పి శంకరం వైపు చూసింది. జైలుకు వెళ్ళాడా? మూడుసార్లా? గుడ్ల లోడు చూసి వస్తానని పొద్దున పోయి రాత్రికి వచ్చేవాడే, ఆ రోజుల్లోనా? టవరు పడిందా అని అడిగింది లక్కే ఆ సినిమా చూస్తుందనా? పరువు కోసం మూగనోము పట్టాడనుకుంది. ఆ మనిషి పదహారేళ్ళు ఎవరి తిట్టు ఎవరి తల మీద మోస్తున్నాడో ఆమెకు అప్పటికి అర్థమైంది.

"లక్కే, ఇంద, సంచి పట్టు," అంది. ఏం అనాలో తెలియక అంది. 

లక్కే సంచి మూతిని రెండు చేతులా దగ్గరికి లాగింది. మెలిపెట్టి తాడు చుట్టింది. ముడి మీద ముడి వేసింది.

"చాలు శావుకారమ్మా."

గంప నెత్తిన పెట్టుకుని లేచింది. దిగి పోతుందనుకుంటే పోలేదు. అరుగు వెంట నడిచి అవతలి కొసకు, శంకరం ముందుకు వెళ్ళింది. అగ్గిపెట్టె ఇమ్మని అడిగింది. శంకరం అలవాటు కొద్దీ పెట్టెను బల్ల మీద పెట్టబోయాడు, ఎప్పుడూ ఆమెకు అలాగే పెట్టి పక్కకు తప్పుకునేవాడు. లక్కే అరచెయ్యి చాపింది. ఆ చేతిలో పెట్టడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. తీసుకుని, కొంగున ముడేసుకుని, సంత జనంలో కలిసిపోయింది. వెనక్కి చూడలేదు.

సుశీల దోసిలి అలాగే పట్టుకుని నిలబడింది. బస్తాలో పొయ్యకూడదు. కింద పారబొయ్యకూడదు. చెమటకు ఉప్పు కరిగి, పొద్దున కూరలు తరిగేప్పుడు వేలికి తగిలిన గాటు మండటం మొదలైంది.

"జైలుకు పోయిన్రా మీరు?" అని అడిగింది. "నాకు చెప్పలేదేం?"

శంకరం ముఖం ఇటు తిప్పాడు. పెదవులు కదిలాయి. కళ్ళు మాత్రం నాలుగు రోజుల అలవాటు చొప్పున గుమ్మం దగ్గరి స్టూలు మీదికి పోయాయి.

"సాయీ, మీ అమ్మను..." అని ఆగిపోయాడు.

స్టూలు ఖాళీగా ఉంది. బస్సు ఈపాటికి దర్భా దాటి ఉంటుంది. ఆ మాటలో మిగతా సగం కోసం సుశీల చేతుల్లో ఉప్పు పట్టుకుని చూస్తూ నిలబడింది.